ఆయుష్షు పెంచే మాత్ర

ఒకనాడు అస్ర్ నమాజు తర్వాత మా జమాఅతుకు చెందిన ఒక పెద్దమనిషి మా దగ్గరకు వచ్చి కూర్చున్నారు. వయసు అరవై నాలుగు. పద్దెనిమిదేళ్లుగా షుగరు, అంతకన్నా ముందు నుంచే బీపీ, గుండెకు ఒక స్టెంటు. మూత్రంలో ప్రోటీను పోతున్నదని, మూత్రపిండాలు జాగ్రత్త అని రెండేళ్లుగా డాక్టరు హెచ్చరిస్తున్నారు. జేబులో నుంచి మాత్రల పొట్లం ఒకటి తీసి మా ముందుంచారు.

"మౌలానా! పెద్దబ్బాయి విదేశం నుంచి పంపాడు. ఇది వేసుకుంటే ఆయుష్షు పెరుగుతుందట. వేసుకోవడం జాయజేనా?"

నిజం చెప్పాలంటే మాకు కాస్త చిరాకు కలిగింది. ఆయుష్షు అల్లాహ్ చేతిలో ఉన్నదని మదరసాలో పిల్లలకు రోజూ చెప్పేవాళ్లం కదా! ఆ ఒక్క మాట చెప్పి పంపివేయబోయి, ఎందుకో ఆగి, "ఇంకా బ్రతకాలని ఎందుకనుకుంటున్నారు భాయి సాహెబ్?" అని అడిగాము. ఆయన చాలాసేపు చాప వంకే చూస్తూ కూర్చున్నారు.

"చిన్నమ్మాయి ఉంది కదా మౌలానా" అన్నారు.

ఆ అమ్మాయికి ముప్పై ఒక్క ఏళ్లు. పుట్టుకతోనే బుద్ధిమాంద్యం. తల్లి గతించి నాలుగేళ్లయింది. అన్నం కలిపి పెట్టేదీ, జడ వేసేదీ ఈ తండ్రే. మా చిరాకుకు మేమే సిగ్గుపడ్డాము.

దీర్ఘాయువు కోరడం పాపం కాదు. ఆయుష్షు దీర్ఘమై, ఆచరణ ఉత్తమమైన వాడే మనుషులలో ఉత్తముడని దైవప్రవక్త (స) సెలవిచ్చారు. మందులు విధిని మారుస్తాయా అని ఒక సహాబీ అడిగినప్పుడు, అవి కూడా విధిలో భాగమేనని తెలిపారు. కనుక వైద్యం తవక్కుల్‌కు విరుద్ధం కాదు. అయితే ఎడారివాసులు వైద్యం గురించి అడిగిన సందర్భంలో, ప్రతి వ్యాధికీ మందు ఉన్నదని చెబుతూ వార్ధక్యాన్ని మాత్రం మినహాయించారు. వయసు వల్ల వచ్చే జబ్బులకు చికిత్స వేరు, వయసునే ఆపుతానని చెప్పే మందు వేరు. ఈ రెండవ దానిని ఎవరైనా అమ్మవస్తే ముస్లిం రెండుసార్లు ఆలోచించాలి. ప్రవక్త పేరు చెప్పి తేనె, కలోంజీ సీసాలకు ఇష్టం వచ్చిన ధర కట్టే మన వాళ్ల విషయంలోనూ అంతే.

ఆ మాత్ర పేరు సిరోలిమస్. రాపమైసిన్ అని కూడా అంటారు. 1964లో పసిఫిక్ సముద్రంలోని ఈస్టర్ దీవికి వెళ్లిన కెనడా బృందం తెచ్చిన మట్టిలోని సూక్ష్మజీవి నుంచి దీనిని తీశారు. ఆ దీవిని అక్కడివారు రాపానుయ్ అంటారు. మందు పేరు అందులోంచి వచ్చిందే. మార్పిడి చేసిన మూత్రపిండాన్ని శరీరం తిరస్కరించకుండా ఉండటానికి 1999లో అమెరికాలో అనుమతి పొందింది. అంటే ఇది రోగనిరోధక శక్తిని అణచే మందు. 2009లో, ముసలితనానికి చేరువైన ఎలుకలకు దీనిని పెడితే ఆయుర్దాయం మగవాటిలో 9 శాతం, ఆడవాటిలో 14 శాతం పెరిగిందని శాస్త్రవేత్తలు ప్రకటించారు. అప్పటి నుంచి దీనికి ఆయుష్షు మందు అని పేరు పడింది. మనిషి ఆయుష్షు దీనితో పెరుగుతుందని మాత్రం ఇంతవరకు రుజువు కాలేదు.

మేము హకీములం కాము. అందుకే ఆయన వాడే మందులన్నీ ఒక సంచిలో వేయించి, మేమే వెంటబెట్టుకొని ఆయన డాక్టరు దగ్గరకు వెళ్లాము. డాక్టరు ఒక్కొక్కటే బల్ల మీద పేర్చారు. సిరోలిమస్ రక్తంలో చక్కెరనూ కొవ్వునూ పెంచగలదు, పుండ్లు మానడాన్ని ఆలస్యం చేయగలదు, మూత్రంలో ప్రోటీను పోవడాన్ని ఎక్కువ చేయగలదు అన్నారు. ఈయనకు కాలి వేలి పుండు ఒకటి ఆరు వారాలు మానలేదని అప్పుడే మాకు తెలిసింది. బీపీకి వాడుతున్న డిల్టియాజెమ్‌తో కలిస్తే రక్తంలో సిరోలిమస్ మోతాదు ఇంకా పెరుగుతుందట. కొడుకుకు ఈ సంగతులేవీ తెలియవు. ప్రేమతో పంపాడు.

తర్వాత డాక్టరు షుగరు పుస్తకం తిరగేసి, ఇన్సులిను ఎన్ని రోజులు మానేశారని అడిగారు. అమ్మాయికి జ్వరం వచ్చిన వారమంతా తన సూది సంగతే మరిచానని ఆయన చెప్పారు.

హాని పొందకూడదు, హాని కలిగించకూడదు అన్నది మన ఫిఖ్‌హ్‌లోని మూల నియమం. లాభం ఊహలోనూ, నష్టం కళ్లెదుటా ఉన్నచోట ఈ శరీరమనే అమానతును పరీక్షకు పెట్టే హక్కు మనకు లేదు. ఆరోగ్యవంతునికి వేరే జవాబు ఉండవచ్చు. ఈ మనిషికి మా జవాబు ఇది. మాత్ర వద్దన్నాము. సూది వేళకు వేసుకోవడం, పాదాలు రోజూ చూసుకోవడం ఇబాదతు అనుకొని చేయండి అన్నాము.

మాత్ర వద్దనడంతో అమ్మాయి సమస్య తీరలేదు. అసలు ప్రశ్న అదే కాబట్టి ఆ రాత్రి ఇషా తర్వాత దాని మీదే కూర్చున్నాము. అమ్మాయి వారసురాలు గనుక తక్కిన వారసుల సమ్మతి లేకుండా ఆమె పేర వసీయతు చెల్లదు. బ్రతికుండగా హిబా చేయవచ్చు. సంతానం మధ్య న్యాయం తప్పనిసరే అయినా, వైకల్యం వంటి అవసరం ఉన్న బిడ్డకు ఎక్కువ ఇవ్వడాన్ని ఫుఖహాలు అనుమతించారు. ఇంటి ముందున్న దుకాణపు గది అద్దె ఆమె ఖర్చుకు సరిపోతుంది. ఇక సంరక్షకుని విషయం. 1999 నాటి నేషనల్ ట్రస్టు చట్టం కింద ప్రతి జిల్లాలో కలెక్టరు అధ్యక్షతన ఒక స్థానిక కమిటీ ఉంటుంది. బుద్ధిమాంద్యం ఉన్నవారికి పద్దెనిమిదేళ్లు దాటినా అది చట్టబద్ధ సంరక్షకుని నియమిస్తుంది. మన ఇళ్లలో ఇది తెలిసినవారు అరుదు. తెలిసినా, బిడ్డ సంగతి నలుగురికీ తెలుస్తుందని దరఖాస్తు పెట్టనివారే ఎక్కువ.

పెద్దబ్బాయితో ఫోనులో మేమే మాట్లాడాము. మాత్రల మాట వినగానే నొచ్చుకున్నాడు. చెల్లెలి మాట వచ్చేసరికి మౌనంగా ఉండిపోయాడు. తర్వాత, గది ఆమెకు ఇవ్వడం తనకు సమ్మతమేనని, తమ్ముడితో కూడా చెబుతానని అన్నాడు. సంరక్షకురాలిగా ఉండటానికి అదే ఊళ్లో కాపురమున్న పెద్దమ్మాయి ఒప్పుకున్నది. ఆమె భర్త కూడా వచ్చి మా ఎదుటే ఔనన్నాడు. దరఖాస్తు కలెక్టరు కార్యాలయానికి చేరింది.

చిన్నమ్మాయి ఇప్పుడు వారానికి రెండు రోజులు అక్క ఇంట్లో ఉండటం నేర్చుకుంటున్నది. మొదటి రాత్రి అబ్బా కావాలని ఏడ్చి నిద్రపోలేదట. మూడవ వారం అక్కతో జడ వేయించుకున్నదని ఆయన ఫజ్ర్ తర్వాత మాకు చెప్పారు.