జోడీసాధన

నిజామాబాదు యువతి నిఖత్ జరీన్ 2022లో ఇస్తాంబులునందును, 2023లో ఢిల్లీయందును ప్రపంచ ముష్టియుద్ధ విజేత యైన పిమ్మట, తెలుగునాట ఈ విద్యపై మక్కువ గొన్న బాలబాలికలు కలరు. ఇట్టివారిలో కొందరు జోడీసాధనలో తోడివారిని ఓడించుటయే ఘనతయని తలంతురు. అది పొరపాటు.

పోటీలో తక్కువ తూకమువారు ధరించునవి 10 ఔన్సుల గ్లౌజులు. సాధనలో సాధారణముగ 16 ఔన్సులవి. దెబ్బ మెత్తనగుటకే ఆ మందము. అట్టివి తొడిగియు, బలమంతయు కూర్చి తోడివాని తలపై మోదుట అవివేకము. శిరస్త్రాణము చర్మము చిట్లకుండ కాపాడగలదే గాని, లోపల మెదడు అదరకుండ పూర్తిగ ఆపజాలదు.

మరియు, గెలుపు కోరువాడు తనకు బాగుగ వచ్చిన కుడిచేతి దెబ్బనే మరల మరల విసరును. రాని ఎడమచేతి దెబ్బ ఏనాటికిని రాదు. కావున మూడు నిమిషముల రౌండు ఒక్కొక్కదానికి ఒక్క పనినే పెట్టుకొనవలెను: ఒకమారు ఎడమచేయి మాత్రమే, మరియొకమారు తప్పించుకొనుట మాత్రమే. ఆ పూట నాలుగు దెబ్బలు ఎక్కువ తగిలిన తగులనిండు. చుట్టును మూగి కేకలు వేయు మిత్రులను మాత్రము వెలుపలికి పంపవలెను. ఆ కేకలు చెవిని బడగనే సాధన పోటీగ మారును.

సాధన ముగిసిన పిదప, తానెక్కడ చిక్కినది తోడివానినే అడిగి తెలిసికొనవలెను. వెలుపల నిలిచిన గురువునకు కానరాని లోపము, ఎదుట నిలిచినవానికి కానవచ్చును.