ట్యాంకర్ మీది హెచ్చరిక బోర్డు మాకు కనబడాలి: నిర్మల్ జిల్లా ప్రజల వినతిపత్రం

గౌరవనీయులైన నిర్మల్ జిల్లా కలెక్టర్ గారికి,
ప్రజావాణిలో సమర్పించుకుంటున్న వినతిపత్రం.

ప్రతులు: జిల్లా ఎస్పీ గారికి, జిల్లా రవాణా అధికారి గారికి, జిల్లా అగ్నిమాపక అధికారి గారికి, జాతీయ రహదారుల ప్రాధికార సంస్థ ప్రాజెక్టు డైరెక్టర్ గారికి.

విషయం: జిల్లా గుండా పోయే ప్రమాదకర సరుకుల వాహనాల మీద హెచ్చరిక బోర్డులు, గుర్తులు నిబంధనల ప్రకారం ఉండేలా చూడాలని, వాటిని చదవడం ప్రజలకు నేర్పించాలని మనవి.

ఆర్యా,

మేము 44వ, 61వ జాతీయ రహదారుల పక్కన బతికేవాళ్లం. మాలో రైతులున్నారు, హోటళ్లు, పంక్చర్ షాపులు నడిపేవాళ్లున్నారు, ఆటో, లారీ డ్రైవర్లున్నారు. హైదరాబాద్ నుంచి నాగ్‌పూర్ పోయే బండి సోన్ దగ్గర గోదావరి దాటి, నిర్మల్ మీదుగా ఆదిలాబాద్ వైపు పోతుంది. భైంసా రోడ్డు మహారాష్ట్రకు పోతుంది. ఈ రెండు దారుల్లో పెట్రోలు, డీజిలు, వంటగ్యాసు, యాసిడ్లు, రకరకాల రసాయనాలు రాత్రింబవళ్లు పోతూనే ఉంటాయి. అవి రావద్దని మేము అనడం లేదు. మా బంకుల్లో పెట్రోలు, మా వంటింట్లో గ్యాసు ఆ బండ్లే తెస్తున్నాయి. పోయే బండిలో ఏముందో రోడ్డు పక్కనున్న మనిషికి తెలియాలన్నదే మా కోరిక.

ఇది మేము కొత్తగా అడుగుతున్నది కాదు. 1989 కేంద్ర మోటారు వాహన నియమాల్లో 129 నుంచి 137 వరకు ఇదే విషయం ఉంది. 134వ నియమం ప్రకారం ప్రమాదకర సరుకు మోసే ప్రతి బండికి రెండు పక్కలా, వెనకాలా సమాచార బోర్డు ఉండాలి. సరుకు అసలు పేరు 50 మిల్లీమీటర్లకు తగ్గని అక్షరాల్లో, ఐక్యరాజ్యసమితి వర్గం అంకె 100 మిల్లీమీటర్లకు తగ్గకుండా, ప్రమాద గుర్తు 250 మిల్లీమీటర్ల చదరానికి తగ్గకుండా ఉండాలి. ఆపద వస్తే ఎవరికి ఫోన్ చేయాలో ఆ పేరు, నంబరు ఉండాలి. ఆ ట్రిప్పులో మోస్తున్న సరుకుకు సంబంధించిన స్టిక్కరు ఉండాలి. బోర్డుకు ఏదీ అడ్డం రాకుండా ఎప్పుడూ శుభ్రంగా ఉంచాలని కూడా అదే నియమం చెబుతోంది.

ఈ కొలతలన్నీ దూరం నుంచి చదివేవాడి కోసం పెట్టినవి. బండిలో ఏముందో డ్రైవరుకు ముందే తెలుసు. కాగితాలు క్యాబిన్‌లో ఉంటాయి. బండి బోల్తా పడ్డప్పుడు డ్రైవరు స్పృహలో ఉండకపోవచ్చు, క్యాబిన్ దగ్గరికి పోవడానికి వీలు కాకపోవచ్చు. ఫైరింజన్ వచ్చేదాకా అక్కడ ఉండేది పక్క చేలోంచి పరుగెత్తుకొచ్చిన రైతు, ఎదురుగా ఉన్న టీ కొట్టాయన. దగ్గరికి పోవాలో, పారిపోవాలో, నీళ్లు పోయాలో వద్దో వాళ్లకు చెప్పేది ఆ బోర్డు ఒక్కటే.

ఏం చేయాలో తెలియకపోతే ఏమవుతుందో లోకం చూసింది. 2017 జూన్ 25న పాకిస్థాన్‌లో బహావల్‌పూర్ దగ్గర పెట్రోలు ట్యాంకర్ బోల్తా పడితే జనం క్యాన్లు, బకెట్లు పట్టుకొని పోయారు. మంట అంటుకొని రెండు వందల మందికి పైగా చనిపోయారు. 2024 డిసెంబర్ 20న జైపూర్ శివార్లలో గ్యాస్ ట్యాంకర్‌ను లారీ గుద్దింది. గ్యాసు మొదట పొగమంచులా రోడ్డంతా పరుచుకొని, తర్వాత అంటుకుంది. ఆ మబ్బులో ఇంజన్లు నడుస్తున్న బండ్లు చిక్కుకున్నాయి. మన దగ్గర కూడా ట్యాంకర్ పడితే బిందెలు పట్టుకొని ఉరికే అలవాటు ఉంది.

మా కష్టాలు ఇవి:

1. చాలా బండ్ల మీద బోర్డు రంగు వెలిసిపోయి ఉంటుంది. వానాకాలం బురద కప్పేస్తుంది. కొన్నింటి మీద తాడిపత్రి వేలాడుతూ ఉంటుంది. ఐదు గజాల దూరం నుంచి కూడా చదవలేము.

2. ఖాళీ ట్యాంకరంటే భయం లేదన్న అపోహ ఉంది. పెట్రోలు దించేసిన ట్యాంకులో ఆవిరి మిగిలే ఉంటుంది. రోడ్డు పక్క షెడ్లలో అలాంటి బండ్లకు వెల్డింగ్ చేసే కుర్రాళ్లకు ఆ సంగతి చెప్పేవాళ్లు లేరు.

3. బోర్డు మీది కోడ్ మాకు అర్థం కాదు. పెట్రోలు బండి మీద 1203 అని, 3వైఈ అని ఉంటుంది. ఆ 3వైఈలో 3 అంటే నురగతో ఆర్పాలని, చివర ‘ఈ’ అక్షరం ఉంటే జనాన్ని ఖాళీ చేయించే ఆలోచన చేయాలని మాకెవరూ చెప్పలేదు.

4. బోర్డు మీది ఫోన్ నంబర్లు కొన్ని పనిచేయవు. కొన్ని ఎక్కడో వేరే రాష్ట్రంలోని ఆఫీసువి. రాత్రిపూట ఎవరూ ఎత్తరు.

5. డ్రమ్ముల్లో యాసిడ్లు, డబ్బాల్లో థిన్నరు మామూలు సరుకుతో కలిపి తాడిపత్రి కింద పోతున్నాయి. బస్సుల్లో పార్శిల్‌గానూ పోతున్నాయి. 2025 అక్టోబర్ 24న కర్నూలు జిల్లా చిన్నటేకూరు దగ్గర, మా ఊళ్ల మీంచి పోయే ఇదే 44వ రహదారి మీద, ప్రైవేటు బస్సు కాలిపోయి 19 మంది ప్రయాణికులు చనిపోయారు. అందులో వందల సెల్‌ఫోన్ల పార్శిల్ ఉందని, వాటి బ్యాటరీలు మంటను పెంచాయని పత్రికలు రాశాయి.

6. రాత్రిళ్లు దాబాల ముందు, ఇళ్లకు ఆనుకొని ట్యాంకర్లు ఆగుతున్నాయి. అక్కడే పొయ్యిలు మండుతుంటాయి.

చదువు రాని జనానికి ఈ గుర్తులు ఎక్కవని ఎవరైనా అనవచ్చు. పత్తి చేలో మందు కొట్టే రైతు డబ్బా మీది గుర్తులో ఎర్ర రంగు చూస్తే అది అన్నింటికంటే విషమని, ఆకుపచ్చ చూస్తే తక్కువ విషమని ఇట్టే పోల్చుకుంటాడు. ఎవరో ఒకరు చెప్పారు కాబట్టి నేర్చుకున్నాడు. ట్యాంకర్ మీది గుర్తులు అంతకంటే కష్టమైనవి కావు. మంట బొమ్మతో ఎరుపు ఉంటే అంటుకునేది. పుర్రె ఉంటే విషం. చేతి మీద, లోహం మీద చుక్కలు పడుతున్న బొమ్మ ఉంటే కాల్చే యాసిడ్ లాంటిది.

పక్కన ఏముందో తెలుసుకోవాలన్న పట్టుదల ఈ జిల్లాకు కొత్త కాదు. 2024 నవంబర్‌లో దిలావర్‌పూర్, గుండంపల్లి ప్రజలు ఇథనాల్ ఫ్యాక్టరీ వద్దని 61వ రహదారి మీద బైఠాయించారు. పనులు ఆగాయి. ఫ్యాక్టరీ ఒకచోట ఉంటుంది కాబట్టి కూర్చొని అడగగలిగారు. నిమిషంలో దాటిపోయే ట్యాంకర్‌ను ఆపి అడగలేము.

కావున తమరిని కోరుకునేవి:

1. రవాణా, పోలీసు శాఖలు కలిసి టోల్ ప్లాజాల దగ్గర ఈ బండ్లను క్రమం తప్పకుండా తనిఖీ చేయాలి. బోర్డు, స్టిక్కరు, క్యాబిన్‌లో ఆపద సూచనల కార్డు, డ్రైవరు శిక్షణ పత్రం చూడాలి. మోటారు వాహన చట్టం 190(3) సెక్షన్ కింద మొదటి తప్పుకు 10,000 రూపాయల జరిమానా, లేదా ఏడాది దాకా జైలు, లేదా రెండూ ఉంటాయి. తప్పు డ్రైవరు మీదే వేయకుండా సరుకు పంపినవారిని, బండి యజమానిని కూడా అడగాలి. 131, 132 నియమాలు వారి బాధ్యతను స్పష్టంగా రాశాయి.

2. బోర్డు మీది ఫోన్ నంబరుకు తనిఖీ సమయంలోనే ఫోన్ చేసి చూడాలి.

3. గుర్తుల అర్థం, చేయాల్సినవి, చేయకూడనివి చెప్పే పెద్ద బోర్డులు సోన్, కడ్తాల్, నిర్మల్, దిలావర్‌పూర్, భైంసాలలో పెట్టాలి. తెలుగుతో పాటు ఉర్దూ, మరాఠీ, గోండి మాట్లాడేవారికీ అర్థం కావాలి. గాలికి ఎదురు దిశలో దూరం పోవాలని, వంటగ్యాసు పల్లంలోకి దిగుతుందని, 112, 101 నంబర్లకు ఫోన్ చేసి బోర్డు మీది అంకె చెప్పాలని అందులో ఉండాలి.

4. రోడ్డు పక్క పంచాయతీల్లో, బడుల్లో అగ్నిమాపక సిబ్బందితో పాఠం చెప్పించాలి. దాబాలు, వెల్డింగ్ షెడ్ల వాళ్లను ముందు పిలవాలి.

5. ఇళ్లకు దూరంగా ట్యాంకర్లు ఆగే స్థలం చూపించాలి. సోన్ వంతెన దగ్గర, ఘాట్ రోడ్డు దగ్గర ప్రమాదం జరిగితే ఎవరేం చేయాలో రాసిపెట్టి ఒకసారి మాక్ డ్రిల్ చేయించాలి. గోదావరిలో యాసిడ్ కలిస్తే కింది ఊళ్లకు కబురు పంపే ఏర్పాటు ఉండాలి.

6. బస్సుల్లో, పార్శిల్ లారీల్లో వెళ్లే డ్రమ్ములు, డబ్బాల మీద కూడా గుర్తులున్నాయో లేదో చూడాలి.

ప్రమాదం జరిగాక బాధితులు 1991 ప్రజా బాధ్యత బీమా చట్టం కింద సాయం కోసం తమరికే దరఖాస్తు చేసుకోవాలి. ఏ సరుకు, ఎవరి సరుకు అని చెప్పడానికి అప్పుడు కూడా ఆ బోర్డే ఆధారం. ఆ దరఖాస్తు పెట్టే అవసరం మాకు రాకూడదు. ఇప్పటికే ఉన్న నియమాన్ని రోడ్డు మీద అమలు చేయించి, తీసుకున్న చర్యలను మాకు రాతపూర్వకంగా తెలియజేయాలని ప్రార్థిస్తున్నాము.

ఇట్లు,
తమ విధేయులు,
44, 61 జాతీయ రహదారుల పక్క గ్రామాల ప్రజలు,
నిర్మల్ జిల్లా.