ఇది ఏ ఇంటి చర్చ?

ఆదివారం ఆరాధనలో పాస్టరు వేదిక మీద నిలబడి ఫలానా అభ్యర్థికి ఓటెయ్యండని సంఘానికి చెబితే అది ఎన్నికల ప్రచారం కాదట. ఇంట్లోవాళ్లంతా కూర్చుని అభ్యర్థుల గురించి మాట్లాడుకోవడం లాంటిదట! ఈ మాట అన్నది ఏ పార్టీ ప్రతినిధో అయితే నవ్వి ఊరుకోవచ్చు. అన్నది అమెరికా పన్నుల శాఖ ఐఆర్‌ఎస్. అదీ ఏ టీవీ చర్చలోనో నోరుజారి కాదు, 2025 జూలై 7న టెక్సాస్‌లోని ఫెడరల్ కోర్టుకు ఇచ్చిన పత్రంలో రాసి మరీ చెప్పింది. తన మీద దావా వేసిన మతప్రసారకుల సంఘంతో, రెండు టెక్సాస్ చర్చిలతో చేతులు కలిపి, మాకూ మాకూ రాజీ కుదిరింది, తీర్పు ఇలా ఇచ్చెయ్యండని న్యాయమూర్తిని అడిగింది. పన్ను మినహాయింపు ఉన్న చర్చిలు, ధర్మసంస్థలు ఏ అభ్యర్థినీ బలపరచకూడదనే 1954 నాటి జాన్సన్ సవరణను ఎత్తివేయడం ఇన్నేళ్లలో అమెరికా కాంగ్రెసు వల్ల కాలేదు. దాన్ని సమూలంగా నాశనం చేస్తానని 2017లో ప్రార్థనా సమావేశంలోనే శపథం చేసిన ట్రంప్ వల్లా కాలేదు. ఇప్పుడు చట్టాన్ని పుస్తకంలో అలాగే ఉంచి, ఒక్క పోలికతో దాన్ని ఖాళీ డబ్బా చేస్తున్నారు. కోర్టు దీనికి ముద్ర వేయడం, తిప్పికొట్టడం వేరే సంగతి. ముందు ఆ పోలికలోని బూటకం సంగతి తేల్చాలి.

ఎన్నికలప్పుడు ఇళ్లలో ఏం జరుగుతుందో తెలుగువాళ్లకు ఐఆర్‌ఎస్ చెప్పనక్కర్లేదు. 2024లో విజయవాడ లోక్‌సభ స్థానానికి అన్న కేశినేని నాని వైకాపా నుంచి, తమ్ముడు చిన్ని తెదేపా నుంచి తలపడ్డారు. కడపలో వైఎస్ షర్మిల వరసకు తమ్ముడైన అవినాష్‌రెడ్డి మీదే కాంగ్రెస్ అభ్యర్థిగా నిలబడ్డారు. నాయకుల ఇళ్ల దాకా ఎందుకు, తండ్రిది ఒక జెండా, కొడుకుది ఇంకో జెండా అయిన కొంపలు ఊరూరా ఉన్నాయి. అన్నాల దగ్గర తండ్రి ఒకటంటాడు, కొడుకు రెండంటాడు, కోడలు వంటింట్లోంచే ఎదురు చెబుతుంది, కాలేజీ పిల్ల ‘నీకు తెలీదులే తాతా’ అంటుంది, తల్లి అందరినీ కసురుతుంది. ఎవరి నోరు వారికుంటుంది. పోలింగు రోజు ఎవరి ఓటు వాళ్లు వేసి వచ్చి మళ్లీ అదే కంచాల ముందు కూర్చుంటారు. కుటుంబంలో చర్చంటే ఇదీ.

చర్చిలో జరిగేది ఇదేనా? అక్కడ వేదిక ఎత్తున ఉంటుంది, మైకు ఒక్కరి చేతిలో ఉంటుంది. వాక్యం చెబుతుండగా మధ్యలో లేచి ‘అయ్యగారూ, ఈ మాట నేను ఒప్పుకోను’ అన్న విశ్వాసిని మీరెక్కడైనా చూశారా? ముప్పావుగంట ఒక్కరే మాట్లాడతారు, మిగిలినవాళ్లు ఆమెన్ అంటారు. ఆరాధనకు అదే పద్ధతి, అందులో తప్పు పట్టేదేమీ లేదు. అక్కడ వినబడేది దేవుని మాట అన్న నమ్మకంతోనే జనం ఎదురాడకుండా వింటారు. దేవుడి కోసం పాటిస్తున్న ఆ మౌనాన్ని సెనేట్ అభ్యర్థి ఖాతాలో జమ చేసుకుని, పైగా దానికి చర్చ అని పేరు పెట్టడం ఏమి న్యాయం? ఇంట్లో తండ్రి మాట కాదన్న కొడుకు మహా అయితే మొండివాడవుతాడు. దేవుడు ఎన్నుకున్న అభ్యర్థి ఈయనే అని వేదిక మీంచి ప్రకటించాక కాదన్న విశ్వాసి ఏమవుతాడు? దేవుణ్నే కాదన్నవాడవుతాడు. ఆ ముద్ర మోస్తూ మరుసటి వారం అతడు ప్రభు సంస్కారం తీసుకోవడానికి ఏ ముఖంతో ముందుకు నడుస్తాడు?

ఇదంతా సంఘానికీ పాస్టరుకూ మధ్య అంతర్గత వ్యవహారమని కూడా ఆ పత్రం సెలవిచ్చింది. అంతర్గతమైతే చర్చి గుమ్మం మీద అందరికీ ఆహ్వానం అని బోర్డు ఎందుకుంది? కొత్తగా వచ్చినవారు చేతులెత్తండని ప్రతి ఆదివారం అడగడమెందుకు? భర్త పోయిన దుఃఖంతో ఆ వారమే మొదటిసారి వచ్చి వెనక బెంచీలో కూర్చున్న ఆవిడ ఎవరింటి మనిషి? హ్యూస్టన్‌లోని లేక్‌వుడ్ చర్చి ఒకప్పుడు బాస్కెట్‌బాల్ స్టేడియం. ఇప్పటికీ అక్కడ 16 వేల మంది పడతారు, టీవీలో చూసేవాళ్లు లెక్కకు అందరు. 16 వేల కుర్చీల నడవా ఉన్న ఇల్లు ఐఆర్‌ఎస్ అధికారులు ఎక్కడ చూశారో! సంఘంతో ఎప్పుడూ మాట్లాడే మార్గాల్లోనే మాట్లాడాలన్నది వాళ్లు పెట్టిన షరతు. కరోనా తరువాత ఏ ఊళ్లో చూసినా చర్చికి ఎప్పుడూ ఉండే మార్గం యూట్యూబ్ లైవ్. షరతు పెట్టినట్టూ ఉండాలి, ఎవరికీ అడ్డు తగలకూడదు!

ఇక డబ్బు సంగతి. ఇంట్లో మాట్లాడుకున్నందుకు ఎవరికీ పన్ను తగ్గదు. అభ్యర్థికి విరాళమిచ్చినా తగ్గదు. చర్చికి ఇచ్చే కానుకకు మాత్రం తగ్గుతుంది. మిగతా ధర్మసంస్థలు ఏటా తమ ఆదాయవ్యయాలు ఫారం 990లో ప్రభుత్వానికి చూపాలి, చర్చిలకు ఆ బాధ కూడా లేదు. అంటే రాజకీయంగా పలుకుబడి కొనదలచుకున్న కోటీశ్వరుడికి లెక్క చెప్పనక్కర్లేని, పన్ను మినహాయింపు ఉన్న, ప్రతి వారం నిండిపోయే సభ ఒకటి దొరికిందన్నమాట. పత్రికా ప్రకటనలకు, కరపత్రాలకు ఈ వెసులుబాటు లేదని ఐఆర్‌ఎస్ సర్దిచెప్పవచ్చు. వేదికే దొరికాక కరపత్రం ఎవరిక్కావాలి? అదే వీధిలో ఆకలిగొన్నవారికి అన్నం పెట్టే ధర్మసంస్థ మాత్రం అభ్యర్థి పేరు ఎత్తకూడదు. ఎత్తితే పన్ను హోదా పోతుంది.

నల్లజాతివారి చర్చిల్లో డెమోక్రాట్ అభ్యర్థులు దశాబ్దాలుగా మైకు పట్టుకుంటూనే ఉన్నారనీ, ఈ చట్టం కింద పన్ను హోదా పోగొట్టుకున్న చర్చి 1992లో క్లింటన్‌కు వ్యతిరేకంగా పత్రికల్లో పూర్తి పేజీ ప్రకటనలు వేయించిన న్యూయార్క్ రాష్ట్రపు చర్చి ఒక్కటేననీ అవతలివారు అంటున్నది నిజం. అయినా ఆ చట్టం వల్ల మేలు పొందింది పన్ను శాఖ కాదు, పాస్టర్లే. సంఘానికి హాలు కట్టించి ఇచ్చిన పెద్దమనిషి శనివారం రాత్రి ఫోను చేసి, ‘రేపు మనవాడి గురించి రెండు ముక్కలు చెప్పండి’ అంటాడు. ‘చట్టం ఒప్పుకోదు బ్రదర్, మన సంఘానికే ఇబ్బంది’ అని తప్పించుకోవడానికి నిన్నటిదాకా ఆ పాస్టరుకు ఒక దారి ఉండేది. ఐఆర్‌ఎస్ వాదనే నిలబడితే ఇకమీదట ఆ మాట చెల్లదు. చెప్పకపోతే దాతకు కోపం, చెబితే సంఘంలో సగం మందికి కోపం. స్వేచ్ఛ ఇచ్చామంటున్నారు. ఇచ్చింది ఎవరికి?

చర్చి నోరు మూసుకోవాలని ఎవరూ అనడం లేదు. జాన్సన్ సవరణ కూడా ఎన్నడూ అనలేదు. గర్భస్రావం మీద, వలసదారుల మీద, యుద్ధం మీద, వర్ణవివక్ష మీద గొంతు చించుకుని ప్రసంగించినా అడ్డు లేదు. 1955 డిసెంబరులో మాంట్‌గొమరీ బస్సుల బహిష్కరణ కొనసాగించాలని జనం నిశ్చయించుకున్నది ఒక బాప్టిస్టు చర్చిలో, యువ పాస్టరు మార్టిన్ లూథర్ కింగ్ మాటకు. ఆ రాత్రి ఎవరికి ఓటెయ్యాలో ఆయన చెప్పనక్కర్లేకపోయింది. అన్యాయానికి పేరు పెట్టడం వేరు, బ్యాలెట్ మీది పేరు చదవడం వేరు. ఈ తేడా తెలియనట్టు నటించడమే ఈ వ్యవహారంలో మరీ ఒళ్లు మండించే విషయం.

ఇంతకీ ఏసు చుట్టూ ఉన్న ఆ పన్నెండుమంది ఎవరు? మత్తయి సుంకరి, పరాయి పాలన కింద జనం దగ్గర పన్ను పిండినవాడు. సీమోను జెలోతే అనే బిరుదు ఉన్నవాడు, రోము పొడ గిట్టని పక్షం మనిషి. బయట ఎదురుపడితే కత్తులు దూసుకోవలసిన ఇద్దరు ఒకే పంక్తిలో రొట్టె తిన్నారు. నీ పక్షం మార్చుకుని రా అని ఇద్దరిలో ఎవరినీ గురువు గుమ్మం బయట నిలబెట్టినట్టు సువార్తల్లో లేదు. కొరింథు సంఘం పౌలు వర్గం, అపొల్లో వర్గం, కేఫా వర్గం అని ముక్కలైనప్పుడు పౌలు తన పేరు పెట్టుకున్న వర్గాన్ని కూడా వెనకేసుకు రాలేదు, మందలించాడు. కుటుంబం అనే మాట వాడదలచుకుంటే వాడవలసింది ఇక్కడ.

మెథడిస్టు ఉద్యమాన్ని మొదలుపెట్టిన జాన్ వెస్లీకి రాజకీయాలు పట్టవని ఎవరూ అనలేరు. 1775లో అమెరికన్ల తిరుగుబాటును తప్పుపడుతూ కరపత్రం వేసిన రాజభక్తుడాయన. అటువంటివాడు అంతకు ముందటి ఏడాది అక్టోబరులో పార్లమెంటు ఎన్నికల ముందు తన సంఘంలో ఓటున్నవారిని పిలిచి ఏం చెప్పాడో దినచర్యలో రాసి ఉంచాడు. యోగ్యుడని తోచినవాడికి ఓటెయ్యండి, అందుకు పైసా పుచ్చుకోవద్దు, ఓడిపోవాలని మీరు కోరుకున్నవాడి మీద చెడు ప్రచారం చేయవద్దు, అటువైపు ఓటేసిన సోదరుల మీద మనసు విరుచుకోవద్దు అన్నది ఆ హితవు సారాంశం. ఆ పుటలో ఏ అభ్యర్థి పేరూ లేదు. మెదక్‌లో 1924లో ప్రతిష్ఠ జరిగిన మహా దేవాలయాన్ని కట్టించిన పాస్నెట్ దొర ఆ వెస్లియన్ మిషన్ మనిషే. తెలంగాణ పల్లెల్లో వెస్లీ అని పేరున్నవాళ్లు ఈనాటికీ కనబడతారు.

ఆ పల్లెల పిల్లలే నేడు డాలస్ చుట్టుపక్కల ప్లేనో, ఫ్రిస్కో, ఇర్వింగ్‌లలో తెలుగు సంఘాలు నడుపుకుంటున్నారు. ఆరాధన అయ్యాక హాల్లో మడత బల్లలు వేసి, ఇంటింటి నుంచి తెచ్చిన పులిహోర, కోడికూర వడ్డించుకుంటారు. ఆ బల్ల దగ్గర పౌరసత్వం వచ్చి ఇరవయ్యేళ్లయిన అంకుల్ ఉంటారు, ఆయనకు గర్భస్రావం ఒక్కటే ఓటు విషయం. పక్కన హెచ్1బీ మీద వచ్చి గ్రీన్‌కార్డు కోసం కళ్లు కాయలు కాచిన కుర్రాడుంటాడు, వీసా మీద ఏ అభ్యర్థి ఏమన్నాడన్నదే అతని గుండెదడ. అతనికి ఓటు లేదు, ఇంటి ఈఎంఐ ఉంది. ఈ ఇద్దరూ ఒకరికొకరు కూర వడ్డించుకోగలుగుతున్నారంటే పాస్టరుగారు ఎవరి పక్షమో ఇద్దరికీ తెలియకపోవడం అందుకు ఒక కారణం. ఆయన ఒక్క పేరు పలికిన ఆదివారం నుంచి ఆ బల్ల రెండవుతుంది. ఇద్దరిలో ఒకరు వేరే సంఘం వెతుక్కుంటారు.

ఇది పన్ను చట్టం గొడవ మాత్రమే అనుకునేవారు 2025 జూన్‌లో మిన్నెసోటాలో జరిగింది తలచుకోవాలి. ఆ రాష్ట్ర ప్రతినిధుల సభ మాజీ స్పీకర్ మెలిస్సా హార్ట్‌మన్‌ను, భర్తను వాళ్లింట్లోనే కాల్చి చంపారు. నిందితుడు ఒకప్పుడు చర్చిల్లో ప్రసంగాలు చేసినవాడు. ఏ సంఘమూ ఆ పని చేయమని చెప్పలేదు, ఆ నేరం ఏ మతానికీ అంటగట్టడం న్యాయం కాదు. అయితే ఎదుటి పార్టీవాడు శత్రువని జనం ఇప్పటికే అనుకుంటున్న దేశంలో, వాడు దేవుడికీ శత్రువేనని వేదిక మీంచి చెప్పే వీలు కల్పించడానికి ఇదా సమయం?

మన దగ్గర అంతా సవ్యంగా ఉందని చెప్పడానికి లేదు. మతం పేరుతో ఓటడగడం 1951 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం 123(3) కింద అవినీతి చర్య. ఓటరు మతం పేరు చెప్పినా తప్పేనని 2017 జనవరిలో సుప్రీంకోర్టు ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం 4-3 మెజారిటీతో తేల్చింది. గుడి, మసీదు, చర్చి ప్రచార వేదికలు కారాదని ఎన్నికల నియమావళి చెబుతోంది. అయినా నోటిఫికేషన్ రాగానే పాస్టర్లతో ఆత్మీయ సమ్మేళనాలు మొదలవుతాయి, అభ్యర్థి నెత్తిన చేతులుంచి చేసే ప్రార్థన ఫొటోలు వాట్సాప్‌లో తిరుగుతాయి. గుళ్లల్లోనూ, మసీదుల్లోనూ ఇదే తంతు. ఆంధ్రలో పాస్టర్లకు నెలనెలా రూ.5,000 గౌరవ వేతనం ఒక ప్రభుత్వం మొదలుపెడితే తరువాతి ప్రభుత్వం కాదనలేకపోయింది. కాకుంటే ఇక్కడ చట్టాన్ని తొక్కేవాడికి తాను తొక్కుతున్నానని తెలుసు, అందుకే ఫొటో తీసేవాణ్ని చూసి కాస్త జంకుతాడు. చట్టాన్ని కాపాడవలసిన శాఖే కోర్టుకు వెళ్లి, ఇది తొక్కడం కిందికే రాదని రాసివ్వడం అమెరికా సాధించిన కొత్త ఘనత.

చర్చిలు అభ్యర్థులను బలపరచకూడదని అమెరికన్లలో నలుగురికి ముగ్గురు అంటున్నట్టు ప్యూ పరిశోధన సంస్థ సర్వేలు చెబుతున్నాయి. ఆ ముగ్గురిలో విశ్వాసులు లేరా? ఐఆర్‌ఎస్ తన పత్రాన్ని వెనక్కి తీసుకోవాలి. సవరణ వద్దనుకుంటే ప్రభుత్వం కాంగ్రెసులో బిల్లు పెట్టి, ఓటింగులో నెగ్గి, పట్టపగలు రద్దు చేయాలి. చర్చిలు మాత్రం అంతవరకు ఆగనక్కర్లేదు. ఐఆర్‌ఎస్ ఏమన్నా మేము ఏ అభ్యర్థినీ బలపరచం, ఎవరినీ వ్యతిరేకించం అని అమెరికా కాథలిక్ బిషప్పుల సభ తక్షణమే ప్రకటించింది. 2026 నవంబరులో మధ్యంతర ఎన్నికలున్నాయి. అభ్యర్థుల ఫోన్లు మొదలుకాక ముందే అక్కడి తెలుగు సంఘాల పెద్దలు ఇదే మాట తీర్మానం చేసి, ఆదివారం ప్రకటనల్లో చదివి వినిపించాలి.