కారు 'పి'లో ఇరుక్కుంటే?

పోయిన దసరాకి కారేసుకుని మా ఊరు ఎల్లంతకుంట వెళ్లాను. ఆటోమేటిక్ కారు, కొని మూడు నెలలే. గల్లీలో ఇంటి ముందు ఆపి, 'పి'లో వేసి పడుకున్నా. తెల్లవారుజామున నాలుగింటికి పక్కింటి కాక తలుపు కొట్టాడు.

"బిడ్డా, మా అవ్వకు ఛాతిల నొప్పి లేసింది. జర నీ కారు తియ్యి."

వాళ్ల ఆటో గల్లీ చివర ఉంది. దారికి అడ్డంగా నా కారు. నా కారులోనే తీసుకెళ్దామని తాళం తిప్పితే చప్పుడే లేదు. రాత్రంతా లోపలి లైటు వేసి మర్చిపోయా, బ్యాటరీ పూర్తిగా దిగిపోయింది. పోనీ నెట్టేద్దామంటే, బ్రేక్ ఎంత తొక్కినా గేర్ రాడ్డు 'పి' నుంచి కదలదే!

"ట్రాక్టరైతే న్యూట్రల్ జేసి నూకేటోళ్లం గదరా" అన్నాడు బాపు. బీటెక్ చదివిన నాకు నా కారు న్యూట్రల్ చెయ్యడం రాదు. ఫోన్ టార్చి వెలుగులో మాన్యువల్ తిరగేస్తే చివరికి దొరికింది.

'పి'లో వేస్తే గేర్‌బాక్సులో ఒక ఇనుప కొక్కెం పళ్ల చక్రంలో పడి బండిని కదలనివ్వదు. పిల్లలు ఆడుతూ రాడ్డు లాగినా రాకుండా ఇంకో తాళం కూడా ఉంటుంది. బ్రేక్ తొక్కినప్పుడు కరెంటు అందితేనే అది వదులుతుంది. బ్యాటరీ పోతే వదలదు. బ్యాటరీ బాగున్నా రాడ్డు రాకపోతే వెనక బ్రేక్ లైట్లు చూడండి. అవీ వెలగకపోతే బ్రేక్ స్విచ్చో ఫ్యూజో పోయినట్టే అనుమానించాలి.

అప్పుడేం చెయ్యాలి? ముందు హ్యాండ్‌బ్రేక్ లాగండి. స్టీరింగ్ లాక్ వదలడానికి తాళం 'ఆన్'కి తిప్పండి. చాలా కార్లలో రాడ్డు పక్కనే చిన్న మూత ఉంటుంది. అది తీసి, లోపలి రంధ్రంలో స్క్రూడ్రైవరో ఇంటి తాళంచెవో పెట్టి నొక్కి పట్టండి. బ్రేక్ తొక్కి ఉంచి, రాడ్డుని 'ఎన్'లోకి లాగండి. సీట్లో ఒకరు ఉండగానే హ్యాండ్‌బ్రేక్ వదిలి నెట్టాలి. ఇంజిన్ ఆగి ఉంటుంది కాబట్టి స్టీరింగ్ బరువుగా, బ్రేక్ గట్టిగా ఉంటాయి. వాలు మీద ఇంకా జాగ్రత్త, బండికి కిందివైపు ఎవరూ నిలబడొద్దు.

బటన్‌తో గేర్లు మారే కార్లలో ఈ మూత ఉండకపోవచ్చు, వాటి పద్ధతి మాన్యువల్‌లోనే చూడాలి. మన దగ్గర చాలా ఏఎంటీ కార్లలో అసలు 'పి'యే ఉండదు.

ఆటో బయటపడేసరికి పావుగంట పట్టింది. వాళ్లవ్వ నాలుగు రోజులకి ఇంటికొచ్చింది. కాక ఇప్పటికీ నన్ను ఒక్క మాట అనలేదు. కానీ నెట్టడానికి పట్టింది ఒక్క నిమిషమే. మిగతాదంతా నేను మాన్యువల్ చదివిన టైమే.

మీ కారులో ఆ మూత ఎక్కడుందో ఇవాళే చూసి పెట్టుకోండి. వెలుతురుండగానే.