పూటపడటం వేరు, పక్షపాతం వేరు

కొరియా అనగానే మన సంఘాల్లో చాలామందికి గుర్తొచ్చేవి తెల్లవారుజాము ప్రార్థనలు, సియోల్‌లోని పెద్ద పెద్ద ఆలయాలు. ఫుట్‌బాల్ గుర్తొచ్చేవారు తక్కువే. అయినా ఈ వారం ఆ దేశపు ఫుట్‌బాల్ మనిషి ఒకరి గురించి రాయాలనుకున్నాం. ఆయన పేరు హాంగ్ మ్యుంగ్ బో. మైదానంలో డిఫెండర్‌గా ఆడి, తరువాత శిక్షకుడయ్యారు. ఆయన విశ్వాసం సంగతి మేము ఎత్తుకోవడం లేదు. పెద్దరికంలో ఉన్నవాడు తనవారిని ఎలా ప్రేమించాలి, ఎక్కడ ఆగాలి అన్న ప్రశ్నకు ఆయన జీవితంలో ఒకటి కాదు, రెండు జవాబులు దొరుకుతాయి. ఆ రెండూ ఒకదానితో ఒకటి పొసగవు. అందుకే రాస్తున్నాం.

1969లో సియోల్‌లో పుట్టిన హాంగ్, 1992లో పోహాంగ్ జట్టులో చేరిన మొదటి ఏడాదే కొరియా లీగ్‌లో ఉత్తమ ఆటగాడిగా ఎంపికయ్యారు. 1990, 1994, 1998, 2002... వరుసగా నాలుగు ప్రపంచ కప్‌లు ఆడారు. దేశం తరఫున ఆడిన ఆటలు 136. గోల్ కొట్టినవాడి పేరు వీధిలో పిల్లలకు కూడా తెలుస్తుంది. గోల్ పడకుండా ఆపినవాడిని ఎవరు గుర్తుపెట్టుకుంటారు? కానీ కొరియన్లు ఈయనను గుర్తుపెట్టుకున్నారు.

దానికి కారణం 2002. అంతకు ముందు అయిదు ప్రపంచ కప్‌లు ఆడిన కొరియా ఒక్క ఆట కూడా గెలవలేదు. హాలెండ్ నుండి వచ్చిన శిక్షకుడు గుస్ హిడింక్ వయసును, పేరును బట్టి ఎవరికీ చోటు ఇవ్వలేదు. 2001లో గాయపడిన హాంగ్ కూడా నెలల తరబడి జట్టుకు దూరంగా ఉండి, 2002లో తిరిగి తన చోటు తాను సంపాదించుకోవాల్సి వచ్చింది. ఈ సంగతి పాఠకులు మనసులో ఉంచుకోవాలి, ముందుకు వెళ్లాక దీని అవసరం ఉంది. ఆ తరువాత నాయకుడుగా జట్టును నడిపించారు. జూన్ 22న గ్వాంగ్‌జులో స్పెయిన్‌తో ఆట గోల్ లేకుండా ముగిసి పెనాల్టీలకు వెళ్లింది. చివరి తన్ను హాంగ్‌దే. బంతి వలలో పడగానే, ఎప్పుడూ గంభీరంగా ఉండే ఆ ముఖం నవ్వులో విచ్చుకుంది. సరిగ్గా వారానికి, మూడవ స్థానం కోసం టర్కీతో జరిగిన ఆటలో, మొదలైన 11 సెకన్లకే ఆయన కాళ్ల దగ్గర బంతి పోయి గోల్ పడింది. ప్రపంచ కప్ చరిత్రలో అంత త్వరగా పడిన గోల్ అంతవరకు లేదు. అయినా ఆ పోటీల్లో మూడవ ఉత్తమ ఆటగాడి బహుమానం ఆయనకే దక్కింది.

శిక్షకుడిగా ఆయన కుర్రవాళ్లతో మొదలుపెట్టారు. 2009లో 20 ఏళ్లలోపు వారి ప్రపంచ కప్‌లో క్వార్టర్ ఫైనల్, 2010 ఆసియా క్రీడల్లో కాంస్యం, ఆ పిల్లల్లో చాలామందితోనే 2012 లండన్ ఒలింపిక్స్. మేము చెప్పదలచుకున్న అసలు సంగతి ఇక్కడుంది.

కొరియాలో ఆరోగ్యవంతుడైన ప్రతి యువకుడూ ఏడాదిన్నర నుండి దాదాపు రెండేళ్ల వరకు సైన్యంలో పనిచేయాలి. ఒలింపిక్ పతకం వస్తే ఆ బాధ్యత నుండి మినహాయింపు ఉంది. పార్క్ చు యంగ్ అనే ఆటగాడు ఉన్నాడు. గోల్ కొట్టిన ప్రతిసారీ మైదానంలో మోకరించి ప్రార్థించేవాడు కనుక అక్కడి క్రైస్తవులకు ప్రియమైనవాడు. అతడు మొనాకోలో దీర్ఘకాల నివాస అనుమతి తీసుకుని సైనిక సేవను ఏళ్ల తరబడి వాయిదా వేసుకున్నాడని 2012లో బయటపడింది. దేశమంతా మండిపడింది. తమ బిడ్డలను సైన్యానికి పంపిన తల్లిదండ్రులకు కోపం రాదా? అప్పుడు హాంగ్ విలేఖరుల ముందు అతని పక్కన కూర్చుని, ఇతడు సైన్యానికి వెళ్లకపోతే ఇతని బదులు నేను వెళతాను అన్నారు. నలభై మూడేళ్ల మనిషి అన్న మాట అది.

బెన్యామీను కోసం యూదా తండ్రి ముందు పూటపడిన సంగతి బైబిలు చదివేవారికి చెప్పనక్కరలేదు. చిన్నవాణ్ణి తిరిగి తీసుకురాకపోతే నింద నా మీద ఉండనీ అన్నాడు. తరువాత ఐగుప్తులో ఆ మాటకు కట్టుబడి, చిన్నవాని బదులు తానే దాసుడిగా ఉంటానన్నాడు. పూటపడటమంటే అదీ. ఆగస్టు 10న కార్డిఫ్‌లో కాంస్యం కోసం జపాన్‌తో ఆడినప్పుడు మొదటి గోల్ పార్క్‌దే. కొరియా 2-0తో గెలిచింది. అంతవరకు ఒక్క ఆటలోనూ దిగని కిమ్ కీ హీని హాంగ్ ఆఖరి నిమిషాల్లో మైదానంలోకి పంపారు. మైదానంలో అడుగుపెట్టని వానికి మినహాయింపు దక్కదన్నది అప్పటి లెక్క.

ఇంతవరకు బాగానే ఉంది. 2013లో హాంగ్ పెద్ద జట్టుకు శిక్షకుడయ్యారు. తమ క్లబ్బుల్లో క్రమంగా ఆడుతున్నవారినే తీసుకుంటానన్నారు. 2014 ప్రపంచ కప్ వచ్చేసరికి పార్క్ ఇంగ్లండ్‌లో దాదాపు బెంచి మీదే ఉన్నాడు. అయినా 23 మందిలో అతని పేరుంది. పోహాంగ్‌లో, అంటే హాంగ్ సొంత పాత జట్టులో, లీ మ్యుంగ్ జూ వరుసగా పది లీగ్ ఆటల్లో గోల్ కొట్టడమో కొట్టించడమో చేశాడు. అతని పేరు లేదు. బ్రెజిల్‌లో రష్యాతో 1-1, అల్జీరియా చేతిలో 2-4, పదిమందితో ఆడిన బెల్జియం చేతిలో 0-1. ఇంచియాన్ విమానాశ్రయంలో దిగిన జట్టు మీద జనం మిఠాయి ముక్కలు విసిరారు. అక్కడ అది తిట్టుతో సమానం. 2002లో భుజాలకెత్తుకున్న జనమే వీరు! హాంగ్ పద్ధతికి వారు వెక్కిరింతగా పెట్టిన పేరు ‘ఉయిరి ఫుట్‌బాల్’. ఉయిరి అంటే తనవారిని విడవని స్నేహధర్మం. మంచి మాట తిట్టుగా మారింది.

మిఠాయిలు విసరడం మేము మెచ్చుకోము. కానీ ఆ పేరులో నిజం లేదని అనలేము. 2012లోనూ, 2014లోనూ హాంగ్ అదే కుర్రవాణ్ణి వెనకేసుకొచ్చారు. మొదటిసారి ఆ మాటకు వెల తానే చెల్లిస్తానన్నారు. రెండవసారి వెల చెల్లించినది లీ మ్యుంగ్ జూ వంటివారు. మొదటిది పూటపడటం. రెండవదానికి మన బైబిలులో ఉన్న మాట పక్షపాతం.

బర్నబా మార్కును వెనకేసుకురాలేదా అని కొందరు అడగవచ్చు. వచ్చాడు. పంఫూలియలో పని విడిచి వెళ్లిపోయిన ఆ యువకునికి రెండవ అవకాశం ఇచ్చాడు. కానీ పౌలు మీద అతణ్ణి రుద్దలేదు. తానే అతణ్ణి వెంటబెట్టుకుని కుప్రకు ఓడ ఎక్కాడు. పౌలు వంటి సహవాసిని పోగొట్టుకున్నది బర్నబాయే. కమిటీ ఎన్నికల్లోనైనా, సండేస్కూలు బాధ్యతల్లోనైనా, సంఘం నడిపే బడిలో ఉద్యోగాల్లోనైనా ‘మనవాడు’ అన్న మాట మన నోట వచ్చినప్పుడు, ఆ ప్రేమకు ఖర్చు ఎవరి సంచిలోనిదో చూసుకుంటున్నామా?

హాంగ్ మళ్లీ లేచారు. చైనాలో కొంతకాలం పనిచేసి, కొరియా ఫుట్‌బాల్ సంఘంలో పదవి చేసి, 2022లో ఉల్సాన్ జట్టుకు 17 ఏళ్ల తరువాత లీగ్ టైటిల్ తెచ్చారు. 2023లోనూ గెలిపించారు. 2024లో క్లిన్స్‌మన్‌ను తీసేశాక జాతీయ జట్టుకు శిక్షకుణ్ణి వెతకడానికి అయిదు నెలలు పట్టింది. ఉల్సాన్ అభిమానులకు మిమ్మల్ని విడిచి వెళ్లనన్నట్టు చెప్పిన హాంగ్, జూలైలో ఆ పదవి ఒప్పుకున్నారు. నన్ను నేను వదులుకున్నాను, ఇక కొరియా ఫుట్‌బాలే ఉంది అన్నారు. మాట త్యాగానిదే. కానీ ఎంపిక కమిటీలో ఉన్న పార్క్ జూ హో ఈ నిర్ణయం తనకే తెలియదన్నాడు. విదేశీ అభ్యర్థులకు పద్ధతి ప్రకారం ఇంటర్వ్యూలు జరిగితే, హాంగ్‌తో రాత్రిపూట ప్రశ్నపత్రమైనా లేకుండా మాట్లాడి ఒప్పించారని, నియమాలు తప్పారని ఆ దేశ సాంస్కృతిక మంత్రిత్వ శాఖ తనిఖీలో తేల్చింది. సెప్టెంబరులో సియోల్ స్టేడియంలో పాలస్తీనాతో ఆట గోల్ లేకుండా ముగిసింది. ఆయన ముఖం తెర మీద కనిపించినప్పుడల్లా సొంత ప్రేక్షకులే హేళన చేశారు. 2025 జూన్‌లో బస్రాలో ఇరాక్‌ను 2-0తో ఓడించి కొరియా 2026 ప్రపంచ కప్‌కు అర్హత సాధించింది.

ఆయనకు ఆ పదవికి తగిన సామర్థ్యం లేదని మేము అనడం లేదు. ఉల్సాన్‌ను చూస్తే ఉందనే అనిపిస్తుంది. 2002లో హిడింక్ పెట్టిన పరీక్షకు నిలిచినవాడు, ఇతరులను అడిగిన ప్రశ్నలే నన్నూ అడగండి అని ఆ రాత్రి ఒక్క మాట అని ఉంటే, ఈ పదవి కూడా తాను సంపాదించుకున్నదే అయ్యేది.