ఆసుపత్రిలో ఆర్.ఎస్.ఓ. ఉద్యోగం మనకు అందనిదా?



మన హాస్టల్‌లో ఇంటర్ పిల్లలను ఏమవుతారని అడిగితే నాలుగే జవాబులు వస్తాయి. టీచరు, పోలీసు, సాఫ్ట్‌వేరు, గ్రూప్స్. ఇందులో తప్పేమీ లేదు, కళ్ళతో చూసిన ఉద్యోగాన్నే ఎవరైనా కోరుకుంటారు. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటి మనిషిని నేనే. ఫలానా ఉద్యోగం ఒకటుందని చెప్పే దిక్కు లేకపోవడం ఎలా ఉంటుందో నాకు తెలుసు. అందుకే ఆర్.ఎస్.ఓ. గురించి రాస్తున్నాను. పూర్తి పేరు రేడియలాజికల్ సేఫ్టీ ఆఫీసర్. తెలుగులో వికిరణ భద్రతాధికారి అనవచ్చు గానీ ఆసుపత్రిలో అలా పిలిస్తే ఎవరూ పలకరు.

క్యాన్సర్ ఆసుపత్రిలో రేడియేషన్ ఇచ్చే గది ఉంటుంది. ఆ గది గోడల అవతలికి రేడియేషన్ ఎంత వస్తోందో మీటరుతో కొలవడం, సిబ్బంది ఛాతీకి పెట్టుకునే టి.ఎల్.డి. బ్యాడ్జీలను వేళకు పరీక్షకు పంపడం, ఎవరి బ్యాడ్జీలోనైనా డోసు ఎక్కువగా కనిపిస్తే కారణం వెతకడం ఆర్.ఎస్.ఓ. పని. రేడియోధార్మిక పదార్థం ఎంత వచ్చింది, ఎంత ఉంది, పాతది ఎక్కడికి పోయింది అన్న లెక్క కూడా ఆయనదే. మన దేశంలో ఈ పనిచేసేవారికి అయిదేళ్ళ సగటున ఏడాదికి 20 మిల్లీసీవర్టులు, ఏ ఒక్క ఏడాదిలోనూ 30 దాటకూడదు. బయటి జనానికయితే ఏడాదికి 1 మాత్రమే. రేడియేషన్ దగ్గర ఉద్యోగమంటే పెళ్ళి కాదు, పిల్లలు పుట్టరు అని భయపెట్టేవారికి చెల్లెళ్ళు ఈ అంకెలు చెప్పండి. గర్భం వచ్చిందని తెలియజేసిన ఉద్యోగినికి పరిమితి ఇంకా తక్కువ చేస్తారు.

ఇక అర్హత. 2004లో వచ్చిన అణుశక్తి రేడియేషన్ రక్షణ నియమాలు ఇలాంటి సంస్థకు ఆర్.ఎస్.ఓ. ఉండాలన్నాయి. యజమాని తనకిష్టమైన వారిని కూర్చోబెడితే చెల్లదు, ముంబయిలోని అణుశక్తి నియంత్రణ మండలి ఆమోదించాలి. రేడియోథెరపీ విభాగంలో ఆర్.ఎస్.ఓ. కావాలంటే ముందు మెడికల్ ఫిజిసిస్టు అర్హత ఉండాలి. దానికి రెండు దారులు. డిగ్రీలో ఫిజిక్స్ ప్రధాన సబ్జెక్టుగా చదివి ఎమ్మెస్సీ మెడికల్ ఫిజిక్స్ చేయడం ఒకటి. మామూలు ఎమ్మెస్సీ ఫిజిక్స్ చేసి ఆ తరువాత రేడియలాజికల్ ఫిజిక్స్ డిప్లొమా చేయడం రెండవది. ఈ డిప్లొమాకు ముంబయిలోని భాభా అణు పరిశోధన కేంద్రం పెట్టింది పేరు. మెడికల్ ఫిజిక్స్ ఎమ్మెస్సీ చెన్నైలో అన్నా విశ్వవిద్యాలయంలో ఉంది, మన హైదరాబాదులో ఉస్మానియాలో ఉంది. చదువు తరువాత అన్ని సదుపాయాలున్న రేడియోథెరపీ విభాగంలో 12 నెలల ఇంటర్న్‌షిప్. ఆ పైన ఆర్.ఎస్.ఓ. పరీక్ష. న్యూక్లియర్ మెడిసిన్‌కు, ఎక్స్‌రే కేంద్రాలకు అర్హతలు వేరు, అంత పొడుగు దారి కాదు.

గమనించారా, ఇక్కడ అడుగుతున్నది సైన్సు డిగ్రీ, బీటెక్ కాదు. ఇంజనీరింగ్ ప్రవేశ పరీక్షలో ర్యాంకు రాలేదని బీయస్సీలో చేరి తల వంచుకు తిరిగే తమ్ముళ్ళు మన దగ్గర చాలామంది ఉన్నారు. వాళ్ళకే ఈ తలుపు తెరుచుకునేది. ఫిజిక్స్ లేని గ్రూపు తీసుకుంటే మాత్రం అక్కడితో మూసుకుపోతుంది. ఆ సంగతి గ్రూపు ఎంచుకునే రోజున ఎవరూ చెప్పరు.

ఈ అర్హతల జాబితా చూసి నా మిత్రుడొకడు, "ఇవన్నీ మనలాంటివాళ్ళను బయట నిలబెట్టడానికి పెట్టినవే, కొన్ని తగ్గించమని అడగాలి" అన్నాడు. నేను ఒప్పుకోను. ఢిల్లీ విశ్వవిద్యాలయంలో ఏళ్ళ తరబడి వాడకుండా పడివున్న గామా యంత్రాన్ని 2010 ఫిబ్రవరిలో పాతసామాను కింద వేలం వేశారు. లోపల కోబాల్ట్-60 ఉంది. మాయాపురి పాత ఇనుము బజారులో దాన్ని విప్పినవారు జబ్బుపడ్డారు, ఒకరు ప్రాణం విడిచారు. అంతకుముందు 1987లో బ్రెజిల్‌లోని గొయానియాలో, ఖాళీచేసి వెళ్ళిన ఒక రేడియోథెరపీ ఆసుపత్రిలో వదిలేసిన సీజియం యంత్రాన్ని ఇద్దరు బీదవాళ్ళు ఇనుముకని మోసుకుపోయారు. చీకట్లో నీలంగా మెరిసే ఆ పొడిని చూసి ఇరుగుపొరుగు ముచ్చటపడి పంచుకున్నారు. నలుగురు చనిపోయారు. అందులో ఆరేళ్ళ పాప ఒకతె. రెండుచోట్లా లెక్క చూడవలసినవారు చదువుకున్నవారు, ప్రాణాలు పోయింది పాత ఇనుము కొట్టేవారివి, వాళ్ళ ఇంటివారివి. వాళ్ళు మన ఇళ్ళలోనివాళ్ళలాంటివాళ్ళే. పాత ఇనుము కొనే బండి మా వాడకు ఇప్పటికీ వస్తుంది. ఈ ఉద్యోగానికి అర్హత తగ్గిస్తే ముందుగా దెబ్బ తగిలేది మనకే.

కాబట్టి నా గొడవ అర్హతతో కాదు, ఆ 12 నెలలతో. కోర్సు ఉన్నంతకాలం స్కాలర్‌షిప్ వస్తుంది, హాస్టల్‌లో మంచం ఉంటుంది, రెండుపూటలా అన్నం ఉంటుంది. ఇంటర్న్‌షిప్ కోర్సు అయిపోయాక వస్తుంది. అప్పుడు మనం విద్యార్థులం కాము, ఉద్యోగులమూ కాము. కొన్ని ఆసుపత్రులు ఎంతో కొంత స్టైపెండ్ ఇస్తాయి, కొన్ని ఏమీ ఇవ్వవు. ఆసుపత్రి ఉండేది నగరంలో, అద్దెలు మనకు తెలిసినవే. నేను ఇప్పుడు ఆ సంవత్సరంలోనే ఉన్నాను. మా అమ్మ డ్వాక్రాలో తీసుకున్న అప్పుతో నా గది అద్దె గడుస్తోంది. నాతో చదివిన ఒకరు ఎమ్మెస్సీలో నాకన్నా మంచి మార్కులు తెచ్చుకుని కూడా ఇంటర్న్‌షిప్‌లో చేరలేదు. ఊళ్ళో ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెబుతున్నారు. ఇంట్లో ఇద్దరు తమ్ముళ్ళు. పదిహేడేళ్ళు చదివించిన చదువు ఒక్క ఏడాది బువ్వ దగ్గర ఆగిపోయింది.

ప్రభుత్వాన్ని అడగవలసింది ఒకటి. అర్హతలో భాగంగా తప్పనిసరి చేసిన ఇంటర్న్‌షిప్‌ను చదువు కిందే లెక్కగట్టి, ఆ ఏడాదికీ హాస్టల్, స్కాలర్‌షిప్ కొనసాగించాలి. ఇది ఒక్క మెడికల్ ఫిజిక్స్‌కే కాదు, ఇలాంటి షరతు ఉన్న ఏ కోర్సుకైనా వర్తించాలి. ఆ ఉత్తర్వు వచ్చేదాకా మన పూర్వ విద్యార్థుల సంఘం ఏటా ఒక్కరికి గది అద్దె, భోజనం ఖర్చు అప్పుగా ఇవ్వాలని నా అభిప్రాయం. ఉద్యోగం వచ్చాక తిరిగి కడతారు, ఆ డబ్బు మరొకరికి వెళుతుంది. వార్షికోత్సవంలో శాలువాలకు, మెమెంటోలకు పెట్టేది కాస్త తగ్గించుకున్నా అన్నలు ఏమీ అనుకోరనే నా నమ్మకం.

మన హాస్టల్ నుంచి వెళ్ళినవాళ్ళు ఇద్దరు ఇప్పుడు ఎమ్మెస్సీ రెండో ఏడాదిలో ఉన్నారు. వాళ్ళ ఇంటర్న్‌షిప్ వచ్చే వేసవి తరువాత మొదలవుతుంది. వార్షికోత్సవం రోజు సాయంత్రం జరిగే పూర్వ విద్యార్థుల సమావేశంలో ఈ విషయం చర్చకు పెట్టమని కార్యదర్శి అన్నను అడిగాను. డిగ్రీలో చేరబోయే తమ్ముళ్ళు, చెల్లెళ్ళు కూడా ఆ సాయంత్రం రండి. ఏ గ్రూపులో ఫిజిక్స్ ఉందో, ఏ కాలేజీలో దొరుకుతుందో కాగితం మీద రాసి తెస్తాను.