బీరువాలో ఖాతా

బ్యాంకు ఉద్యోగంలో ముప్పై ఏళ్లు దాటాక మనిషికి ప్రతిదీ ఖాతాగానే కనిపిస్తుంది. ఇదొక జబ్బు అంటుంది మా ఆవిడ. అయినా చెబుతాను, వినండి. పొదుపు ఖాతాలో ఖాతాదారు తనంతట తాను రెండేళ్లపాటు డబ్బు వెయ్యకా తియ్యకా ఊరుకుంటే దాన్ని మేము 'ఇన్‌ఆపరేటివ్' అంటాం. ఈలోగా బ్యాంకు వడ్డీ జమ చేస్తూనే ఉంటుంది గానీ అది లావాదేవీగా లెక్కకు రాదు. పదేళ్లు అలాగే పడి ఉంటే ఆ సొమ్ము రిజర్వు బ్యాంకు 2014లో ఏర్పాటు చేసిన ఒక నిధికి వెళ్తుంది. అలాగని మునిగిపోదు సుమండీ. వారసులు వచ్చి తాము ఫలానా అని రుజువు చూపిస్తే తిరిగి ఇస్తారు. వచ్చేవాళ్లే తక్కువ. అసలు అలాంటి ఖాతా ఒకటుందని తెలిస్తే కదా వాళ్లు వచ్చేది!

మా ఇంట్లో అలాంటి ఖాతాలు రెండున్నాయి. రెండు చెక్క బీరువాల నిండా మా నాన్నగారి పుస్తకాలు. ప్రతి పుస్తకం లోపలి అట్ట మీద పెన్సిలుతో కొన్న తేదీ, ఊరు, ధర. దసరాకి ఒకసారి, సంక్రాంతికి ఒకసారి మా ఆవిడ వాటిని దింపి, దులిపి, కలరా ఉండలు మార్చి మళ్లీ సర్దుతుంది. దులపడం వడ్డీ జమ లాంటిదే. లావాదేవీ కాదు.

మాది బరంపురం. మీరెప్పుడు అక్కడికి వలస వెళ్లారని బెంగుళూరులో, చెన్నైలో మిత్రులు అడుగుతూ ఉంటారు. మా తాతగారు ఎక్కడికీ వెళ్లలేదండీ. మద్రాసు రాజధానిలో ఉన్న ఇంట్లోనే పడుకున్నారు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రమే ఆయన ఇంటికి వచ్చింది. ఈ మాట యానాం పాఠకులకు చెప్పక్కర్లేదు, వాళ్లకి ఇంతకంటే పెద్ద కథ ఉంది. బజారులో ఒడియా, ఇంట్లో తెలుగు, ఆఫీసులో ఇంగ్లీషు. ఈ మూడు గదుల ఇల్లు మా తరం దాకా బాగానే నడిచింది. మా అమ్మాయి తరానికి వచ్చేసరికి తెలుగు గదికి కిటికీ ఉంది గానీ తలుపు లేదు. అంటే, మాట్లాడుతుంది, తిడుతుంది, నవ్వుతుంది, నిద్రలో కలవరిస్తుంది కూడా తెలుగులోనే. చదవమంటే మాత్రం మొదటి అక్షరం దగ్గరే ఆగిపోతుంది. ఒడియా గబగబా చదివేస్తుంది. చిన్నప్పుడు 'జహ్నమామూ' కోసం వీధి గుమ్మంలో కాసుకుని కూర్చునేది. నాన్నగారు బైండు చేయించిన 'చందమామ'లు అదే ఇంట్లో, నాలుగు అడుగుల దూరంలో ఉండేవి. భేతాళుడు ఒకడే, శంకర్ గారి బొమ్మ ఒకటే, లిపి వేరు, అంతే.

ఇప్పుడీ సంగతి ఎందుకంటే, వచ్చే ఏడాది మేము ఈ పాత ఇల్లు ఖాళీ చెయ్యాలి. తమ్ముడికీ నాకూ పంపకాలు అయ్యాయి, గొడవలేమీ లేవు, ఫ్లాటుకు మారుతున్నాం. ఫ్లాటులో ఒక బీరువాకి చోటుంది, రెండోదానికి లేదు. మొన్న పండక్కి వచ్చినప్పుడు మా అమ్మాయి కొలతల టేపు పట్టుకుని, గోడలు కొలిచి, తాపీగా అడిగింది: "నాన్నా, కోప్పడకు. నీ తర్వాత ఇవి ఎవరు చదువుతారు?"

నాకు కోపం రాలేదు. ఏ బ్రాంచి మేనేజరైనా అడగవలసిన ప్రశ్నే. కాకపోతే జవాబు బీరువా దగ్గర దొరకలేదు, వంటింట్లో దొరికింది. అదెలాగో చెప్పాలంటే ముందు మా అమ్మ సంగతి చెప్పాలి.

అమ్మకి ఎనభై రెండు. రెండేళ్లుగా చూపు బాగా మందగించింది. మనిషి ఆకారం తెలుస్తుంది గానీ అచ్చు అక్షరం తెలియదు. మధ్యాహ్నం భోజనాలయ్యాక గంట సేపు చాప మీద పడుకుని చదువుకోవడం ఆవిడకి యాభై ఏళ్ల అలవాటు. అది పోయేసరికి దిగులు పట్టుకుంది. టీవీ పెడితే "అరుపులురా, ఆపేయ్" అంటుంది. అందుకని ఆదివారాలు వంటింట్లో ఆవిడ పీట మీద కూర్చుని చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ ఉంటే, నేను స్టూలు వేసుకుని పైకి చదవడం మొదలుపెట్టాను. స్టవ్వు దగ్గర మా ఆవిడ. ఆ సమయానికే బెంగుళూరు నుంచి మా అమ్మాయి ఫోను వస్తుంది. ఫోనుని పోపుల డబ్బాకి ఆనించి నిలబెడతాం. ఆ పిల్ల అక్కడ తన వంట తాను చేసుకుంటూ ఇక్కడి చదువు వింటుంది. నానమ్మ కోసం పెట్టిన ఏర్పాటు మనవరాలికి బడి అయింది.

వంటింట్లో అన్ని పుస్తకాలూ చదవడానికి పనికిరావు. ఇది అనుభవం మీద చెబుతున్న మాట. 'వేయిపడగలు' మొదలుపెట్టిన వారమే పాలు పొంగాయి. విశ్వనాథవారి మీద గౌరవం తగ్గక పోయినా, ఆ వాక్యం పట్టుకుంటే పోపు మాడుతుంది. దాన్ని పి.వి.నరసింహారావు గారు 'సహస్రఫణ్' పేరుతో హిందీలోకి అనువదించారు కాబట్టి మా అమ్మాయికి ఆ దారి తెరిచే ఉంది. శంకరమంచి సత్యంగారి 'అమరావతి కథలు' అయితే వంటింటి కోసమే పుట్టాయా అనిపిస్తుంది. నూరు కథలు. ఒక్కొక్కటి కుక్కరు మూడు కూతలు కూసేలోపు అయిపోతుంది. కథ అయ్యాక కాసేపు ఎవరూ మాట్లాడరు, ఆ కాసేపట్లో ఆవిరి దిగుతుంది. వీటినే శ్యామ్ బెనెగల్ 1990లలో దూరదర్శన్‌కి హిందీలో సీరియల్‌గా తీశారు. మేము ఆనాడు అలా చూసినవాళ్లమే. 'బుడుగు' చదివితే మా అమ్మాయి అక్కడ గరిటె పక్కన పెట్టేసి నవ్వుతుంది. ముళ్లపూడివారు పిల్లవాడి నోటి మాటని ఉన్నదున్నట్టు రాశారు గనక, దానికి నిఘంటువు అక్కర్లేదు. మనింట్లో మాట్లాడే తెలుగు పుస్తకంలో కూడా ఉంటుందని ఆ పిల్లకి మొదటిసారి తెలిసింది అప్పుడే.

అన్నిటికంటే బాగా సాగినది 'బారిస్టర్ పార్వతీశం'. మొక్కపాటివారు మొదటి భాగం అచ్చు వేయించింది 1924లో. నూరేళ్లు దాటిపోయాయి. మొగల్తూరు కుర్రాడు ఇంట్లో చెప్పకుండా బయలుదేరి, రైలెక్కి, ఓడెక్కి, ఆడవాళ్ల టోపీ పెట్టుకుని సీమకు పోయిన కథ, ఐటీ కంపెనీలో పనిచేసే అమ్మాయికి ఏం ఎక్కుతుందిలే అనుకున్నారు మా ఆవిడ తరఫువాళ్లు. ఏడు ఆదివారాలు పట్టింది. ఎక్కడ ఏం తినాలో, ఎలా తినాలో తెలియక పార్వతీశం పడే అవస్థ వస్తే చాలు, "నాన్నా, ఇది అచ్చంగా నేను బెంగుళూరు హాస్టల్లో దిగిన మొదటి వారం" అంటుంది. నేను గబగబా చదివితే అమ్మ ఊరుకోదు. "ఏటిరా, అక్షరాలు మింగేస్తున్నావు? మళ్లీ చదువు" అంటుంది. ఒత్తులు పలక్కపోతే ఆడిట్ అభ్యంతరం లాగా ఎక్కడికక్కడే పట్టేస్తుంది.

ఇంకో విచిత్రం చూడండి. చదువుతూ ఉంటే ఏ పేజీలోనో ఏదో ఒక వంటకం పేరు వస్తుంది. అమ్మ వెంటనే కథ ఆపించి ఆ వంట చెబుతుంది. ఉత్తినే అడిగితే "ఏముందే, అన్నీ తగినంత వెయ్యడమే" అనే మనిషి, కథ మధ్యలో వస్తే మాత్రం వివరంగా చెబుతుంది. ఈ 'తగినంత' అనే మాట మీద నాకు మొదటినుంచీ పేచీ ఉంది. కామర్సు చదివినవాడిని. ఏ బ్యాలెన్సు షీటులోనైనా 'నగదు: తగినంత' అని రాస్తే ఒప్పుకుంటారా? అందుకని నేను చిన్న ఎలక్ట్రానిక్ తూకం కొని అమ్మ పక్కన పెట్టుకున్నాను. ఆవిడ చెయ్యి గిన్నెలోకి వెళ్లేముందు దాని మీద ఆగాలి. "శవుకారు కొట్టులో కూడా ఇంత అనుమానం లేదు" అని విసుక్కుంటుంది గానీ ఆగుతుంది.

ఉదాహరణకి పనసపొట్టు కూర. మా వైపు మాఘం, ఫాల్గుణం వచ్చిందంటే బజారులో కూర పనసకాయలు దిగుతాయి. చేతికీ కత్తిపీటకీ నూనె రాసుకోకుండా కాయ ముట్టుకుంటే జిగురు రెండు రోజులు వదలదు. అర కిలో పొట్టుకి మా అమ్మ 'నిమ్మకాయంత చింతపండు' నా తూకంలో 35 గ్రాములు తూగింది. 'ఆవ కొంచెం' అన్నది 10 గ్రాములు. పొట్టుని ఉప్పు, పసుపు వేసి ఉడికించి, వార్చి, చల్లారాక పిడికిళ్లతో గట్టిగా పిండెయ్యాలి. నీరు మిగిలితే కూర కాదు, పులుసవుతుంది. శనగపప్పు, మినప్పప్పు, ఆవాలు, ఎండుమిరప, పచ్చిమిరప, కరివేపాకు, ఇంగువలతో దండిగా పోపు. అందులో చింతపండు గుజ్జు మగ్గాక పొట్టు వేసి పొడిపొడిగా వేయించి దింపెయ్యాలి. అసలు కిటుకు దించాకే. ఆవాలు, రెండు ఎండుమిరపకాయలు, చిటికెడు ఉప్పు నీళ్లు చిలకరించి నూరిన ముద్దని కూర చల్లారాకే కలపాలి. ఆవగింజకి ఘాటు నలిగి, నీరు తగిలితేనే పుడుతుంది. మంట తగిలితే పోతుంది, మిగిలేది చేదు. మా పొరుగు ఒడియా వాళ్లు ఆవముద్ద వేసి 'బెసర' వండుతారు. అక్కడ ముద్ద కూరతోపాటు ఉడుకుతుంది, తోడుగా వెల్లుల్లి. దాని రుచి దానిదే. మా ఆవిడది పర్లాకిమిడి. గిడుగువారు బతికిన ఊరు కదా, ఆవిడకి రెండు పద్ధతులూ వచ్చు, రెండు భాషలూ వచ్చు. ఏ రోజు ఏది వండాలో మాత్రం ఆవిడే నిర్ణయిస్తుంది, అందులో నాకు ఓటు లేదు.

మా అమ్మాయి ఇవన్నీ ఒక నోటుబుక్కులో రాసుకుంటోంది. మొదట ఇంగ్లీషు అక్షరాల్లో రాసింది. నాలుగు వారాలు గడిచాక అందులోనే తనకు చిక్కు వచ్చింది. 'పొట్టు' ఏదో 'పోటు' ఏదో, 'ఆవ' ఏదో 'అవ్వ' ఏదో తన రాతే తనకి తెలియలేదట. "నాన్నా, నీ అక్షరాలు పంపు" అంది ఒక రాత్రి. నేను ఓనమాలు పంపలేదు. అ, ఆ, ఇ, ఈ వరసలో వెళితే ఎవరికైనా నిద్రొస్తుంది. ఉప్పు, పప్పు, ఆవ, నెయ్యి, చింతపండు, ఇంగువ అని మా ఆవిడ డబ్బాల మీద అంటించిన చీటీల ఫోటో పంపాను. ఒడియా తెలిసిన పిల్ల కాబట్టి గుణింతం తర్కం పట్టుబడటానికి ఎంతో సేపు పట్టలేదు. వర్ణమాల వరస ఒకటే కదా. ఇప్పుడు రోజుకి అరపేజీ చదువుతోంది. వేలు పెట్టుకుని, తప్పులతో, ఫోనులో నానమ్మకి.

శనివారం రాత్రుళ్లు సినిమా. ఇందులో నాకు మొహమాటం లేదు, పాతవే పెడతాను. చందమామ పెట్టిన నాగిరెడ్డి, చక్రపాణిగార్లే కదా 'మాయాబజార్' కూడా తీశారు. 1957లో కె.వి.రెడ్డిగారు తీసిన ఆ నలుపు తెలుపు బొమ్మకి 2010లో రంగులు వేశారు. మా ఇంట్లో ఏది పెట్టాలన్నదానిపై ఇప్పటికీ తగవే. అమ్మకి ఎలాగూ కనబడదు, ఆవిడ వింటుంది. పింగళి నాగేంద్రరావుగారి మాటలు వినడానికి కళ్లు అక్కర్లేదని ఆవిడ పక్కన కూర్చుంటేనే తెలిసింది. కౌరవుల తరఫున వచ్చిన శర్మా, శాస్త్రీ గోంగూర ఊసెత్తేసరికి "అద్దీ!" అంటుంది. తర్వాత వారమంతా నాకు గోంగూర పచ్చడే. 'గుండమ్మ కథ' (1962) చూసినప్పుడు కర్ణాటక పాఠకులు గర్వపడవచ్చు. అది 1958 నాటి కన్నడ చిత్రం 'మనె తుంబిద హెణ్ణు' ఆధారంగా వచ్చింది. అందులో రామారావుగారు రుబ్బురోలు ముందు కూర్చుని పిండి రుబ్బుతారు చూడండి, ఆ ఘట్టం రాగానే ఇంట్లో ఆడవాళ్లు ముగ్గురూ నా వైపు చూస్తారు. ఫోనులో ఉన్నావిడతో సహా.

ఇక ఆ రెండో బీరువా సంగతి. ఒక నిబంధన పెట్టుకున్నాను. ఇల్లు మారేలోపు వంటింట్లో ఒక్కసారైనా పైకి చదివిన పుస్తకం ఫ్లాటుకి వస్తుంది. చదవని పుస్తకం, ఎంత గొప్పదైనా, మన సంఘం గ్రంథాలయానికి వెళ్తుంది. కార్యదర్శిగారు అలమారా చూపిస్తామన్నారు. పాత కాగితాలవాడి తక్కెడలోకి మాత్రం ఒక్కటీ వెళ్లదు. ఇప్పటికి ఇరవై మూడు పుస్తకాల ఖాతాలు తిరిగి తెరిచాం. బీరువాల్లో నాలుగు వందల పైచిలుకు ఉన్నాయి. వాటాలు మీరే వేసుకోండి. అమ్మ అయితే లెక్క చెయ్యదు, "నాకున్న టైములో ఎన్నయితే అన్ని" అంటుంది. వాక్యం అక్కడితో ఆపేసి చిక్కుడుకాయ అందుకుంటుంది. అప్పుడు నేనూ పేజీ తిప్పుతాను.

గత సంచికలో ఆవకాయ మీద రాసినదానికి వచ్చిన ఉత్తరాల్లో షోలాపూర్ పాఠకులొకరు, తమ ఇంట్లో పిల్లలు మరాఠీ చదువుతారు గానీ తెలుగు చదవరని, ఏం చేయాలో చెప్పమని అడిగారు. దానికి ఈ నెల జవాబు డబ్బాల మీద చీటీలు అంటించండి అని. ఖర్చు లేని పని.

చివరిగా ఒక మనవి. మా నాన్నగారి సెట్టులో 'బారిస్టర్ పార్వతీశం' మొదటి భాగం, మూడో భాగం ఉన్నాయి. రెండోది ఎప్పుడో ఎవరో చదివి ఇస్తామని పట్టుకెళ్లారు, చదువుతూనే ఉన్నట్టున్నారు. పార్వతీశాన్ని సీమలో వదిలేసి అమ్మా, మనవరాలూ ఎదురు చూస్తున్నారు. బరంపురం చుట్టుపక్కల ఎవరి దగ్గరైనా ఉంటే ఒక నెలకి అప్పు ఇప్పించండి. పూచీకత్తుగా ఈ ఏటి ఆవకాయ ఒక జాడీ మీ ఇంటికి పంపిస్తాను. పుస్తకం తిరిగి ఇచ్చాక జాడీ వాపసు ఇస్తే చాలు, ఆవకాయ అక్కర్లేదు.